గోదావరి లోయలో పాత భూకంపాలను ఎందుకు వెతకాలి

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించిన తరువాత నేను పదేపదే విన్న మాట ఒకటి ఉంది: మనది దక్కన్ పీఠభూమి, అడుగున వందల కోట్ల ఏళ్ళనాటి గట్టి రాయి ఉంది, కాబట్టి మనకు పెద్ద భూకంపాలు రావు. ఈ మాటలో మొదటి రెండు భాగాలూ చాలావరకు నిజమే. మూడో భాగం మాత్రం వాటి నుంచి వచ్చే నిర్ణయం కాదు. అది ఎందుకు కాదో చెప్పడానికీ, ఆ విషయాన్ని తేల్చుకోవడానికి మనం చేయగలిగి కూడా తగినంతగా చేయని పని ఒకటి మిగిలి ఉందని వాదించడానికీ ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను కొత్తగూడెం ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి, భూగర్భశాస్త్రం చదువుకుని కొన్నాళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. వారి దృష్టిలో అది ఎప్పుడో ఒకసారి జరిగి అయిపోయిన వింత. అంతకు రెండేళ్ళ ముందు, 1967 మార్చిలో, ఒంగోలు దగ్గర 5.4 తీవ్రత గల భూకంపం వచ్చిందనీ, ములుగులో వచ్చినది మూడోదనీ కలిపి చూసే అలవాటు మనకు లేదు. మూడింటిని కలిపి చూసినా ఒక క్రమం తెలియదు. అరవై ఏళ్ళ లోపు జరిగిన మూడు సంఘటనల నుంచి నేల స్వభావాన్ని తేల్చడం ఎవరి వల్లా కాదు.

భారతదేశంలో భూకంప నమోదు యంత్రం మొదటిసారి నడిచినది 1898లో, కలకత్తాలోని అలీపూర్‌లో. అదీ అంతకు ముందు సంవత్సరం షిల్లాంగ్ పీఠభూమిని కుదిపేసిన మహా భూకంపం తరువాత. అంటే యంత్రాల సాక్ష్యం నూట పాతికేళ్ళు మించి లేదు. అంతకు ముందు కాలానికి రాతప్రతులూ శాసనాలూ ఉన్నాయి కదా అంటే, మన శాసనాలు గ్రహణాలను తిథివారాలతో సహా చెక్కించాయి, ఎందుకంటే గ్రహణకాలంలో చేసిన దానానికి పుణ్యం ఎక్కువ. భూమి కంపించిన రోజును రాతిమీద చెక్కించవలసిన అవసరం దాతలకు అలా కలగలేదు. అడవులు దట్టంగా ఉండి జనం పలుచగా ఉన్న గోదావరి మధ్యలోయలో అయితే ఎనిమిది వందల ఏళ్ళ కిందట భూమి చీలినా దాన్ని రాసిపెట్టే చేయి ఉండి ఉండదు. కాబట్టి మనకు భూకంపాలు రావు అనడానికి ఆధారంగా మనం చూపిస్తున్నది నిజానికి మన దగ్గర లేని సమాచారాన్ని.

ఇలాంటి భరోసా ఎంత ఖరీదైనదో కిల్లారి చూపించింది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, నాలుగు గంటలకు కాస్త ముందు, లాతూరు–ఉస్మానాబాద్ జిల్లాల సరిహద్దులో 6.2 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపంలో దాదాపు 10,000 మంది చనిపోయారు. వినాయక నిమజ్జనం ముగించుకుని వచ్చి అప్పుడే పడుకున్న ఊళ్ళు అవి. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, కలప దూలాల మీద మోపిన మట్టికప్పు, ఆ రెండూ కలిసి మనుషుల మీద పడ్డాయి. హైదరాబాదులో నిద్రపోతున్నవాళ్ళను కూడా ఆ కుదుపు లేపింది. అప్పటి భూకంప మండలాల పటంలో కిల్లారి ఉన్నది మొదటి మండలంలో, అంటే దేశంలోకెల్లా ప్రమాదం తక్కువ అనుకున్న చోట. 2002లో ఆ పటాన్ని సవరించినప్పుడు మొదటి మండలాన్నే తీసేసి, కిల్లారి ప్రాంతాన్ని మూడో మండలంలో పెట్టారు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కోయనాలో వచ్చిన భూకంపం తరువాత కూడా ఇలాగే జరిగింది: ప్రమాదం తక్కువ అని గీసిన చోట భూకంపం వచ్చింది, వచ్చాక గీత మారింది. మనుషులు పోయిన తరువాత రంగు మార్చే పటం గతాన్ని నమోదు చేస్తుందే కానీ, రాబోయేదానికి సిద్ధం చేయదు.

కిల్లారి దగ్గర ఆ భూకంపం నేలమీద చిన్న చీలికనూ, పొలాల మధ్య అర మీటరుకు అటూ ఇటూగా ఎత్తు లేచిన గట్టునూ మిగిల్చింది. భూశాస్త్రజ్ఞులు సి.పి. రాజేంద్రన్, కుసలా రాజేంద్రన్, వారి సహచరులు అక్కడ కందకాలు తవ్వి పరిశీలించి, ఇది అంతకు ముందు కూడా కదిలిన పాత భ్రంశమేనని, అంటే రాతిలో రెండు పక్కలూ ఒరుసుకుంటూ జరిగిన పాత పగులేనని, వాదించారు. మరో బృందం అందుకు ఒప్పుకోలేదు. లావా గడ్డకట్టిన బసాల్టు రాతిలో ఇది కొత్తగా ఏర్పడిన పగులు కావచ్చునని రాసింది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, అంటే మనం ఎన్‌జీఆర్‌ఐ అని పిలుచుకునే సంస్థ, అక్కడ 617 మీటర్ల లోతుకు బోరు వేసింది. 338 మీటర్ల బసాల్టు దాటాక కానీ అడుగునున్న పురాతన శిల దొరకలేదు. వాదం ఎటు తేలినా, ఆ తవ్వకాలు జరిగినది భూకంపం తరువాత.

అదే తెర్నా నది ఒడ్డున, కిల్లారికి ఎగువన, తేర్ అనే ప్రాచీన పట్టణం ఉంది. శాతవాహనుల కాలంలో సముద్రవాణిజ్యంతో సంబంధమున్న ఊరది. అక్కడి పాత నివాసాల మట్టిపొరల్లో వంపులూ చీలికలూ కనిపించడంతో, రమారమి 1,500 ఏళ్ళ కిందట అక్కడ కూడా భూకంపం వచ్చి ఉంటుందని రాజేంద్రన్ బృందం రాసింది. ఈ చిన్న పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. 1993కు ముందే ఎవరైనా అక్కడ ఆ కళ్ళతో చూసి ఉంటే, మొదటి మండలం అన్న గీత అంత నిశ్చింతగా నిలిచేది కాదు.

భూకంపం వచ్చిన కొన్నేళ్ళకు నేను కిల్లారి వెళ్ళాను. ఫొటోల్లో చూసిన గట్టును వెతుక్కుంటూ పోతే, అది ఉండవలసిన చోట ఒక రైతు జొన్న వేసి ఉన్నాడు. నాగలి, వాన, ఎండకు పగిలే నల్లరేగడి నేల, ఈ మూడూ కలిసి ఆ అర మీటరు మెట్టును చదును చేసేశాయి. దాదాపు 10,000 మంది ప్రాణాలు తీసిన భ్రంశానికి నేలమీద మిగిలిన గుర్తు ఒక తరం కూడా నిలవలేదు. నేలమీద భ్రంశపు గుర్తేదీ కనిపించడం లేదు కనుక ప్రమాదం లేదు అనే వాదాన్ని నేను ఆ రోజు నుంచి ఒప్పుకోలేకపోతున్నాను. పైన గుర్తు చెరిగిపోయినా కింద చెరిగిపోదు. కిందకు వెళ్ళి చూడాలి.

కిందకు వెళ్ళి చూడడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను. రాయి పగిలి, ఆ పగులుకు రెండు పక్కలా ఉన్న భాగాలు ఒరుసుకుంటూ జరిగిన చోటును భ్రంశం అంటారు. భూకంపం బలమైనదై, లోతు తక్కువైనప్పుడు ఆ కదలిక పైనున్న మట్టిపొరలదాకా వచ్చి వాటిని కోస్తుంది. తరువాత వరదలు వచ్చి కొత్త ఒండ్రు పరుస్తాయి. ఆ ఒండ్రు కోత పడకుండా పైన పరుచుకుని ఉంటుంది. భ్రంశానికి అడ్డంగా నాలుగైదు మీటర్ల లోతున కందకం తవ్వి, గోడను చిన్న తాపీతో నున్నగా గీకి, దారాలతో గళ్ళు కట్టి, ప్రతి పొరనూ గీసుకుంటూ పోతే, కోతపడిన పొరల్లో పైది ఏదో, కోతపడని పొరల్లో అడుగుది ఏదో తెలుస్తుంది. భూకంపం ఆ రెండింటి మధ్య కాలంలో వచ్చింది. ఆ పొరల్లో దొరికిన బొగ్గుముక్కకు రేడియోకార్బన్ పద్ధతిలో వయసు కడతారు. బొగ్గు దొరకని చోట, ఇసుకరేణువు చివరిసారిగా ఎండ చూసి ఎంతకాలమైందో కొలిచే మరో పద్ధతి ఉంది. కదలిక ఎన్ని సెంటీమీటర్లో కొలిచి భూకంపం ఎంత పెద్దదో అంచనా కడతారు. ఒకే గోడలో ఇలాంటి అంచెలు మూడు నాలుగు దొరికితే, వాటి మధ్య ఎన్ని వందల, ఎన్ని వేల ఏళ్ళు గడిచాయో తెలుస్తుంది.

ఈ పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చిన చోటు కాలిఫోర్నియాలోని పాలెట్ క్రీక్. శాన్ ఆండ్రియాస్ భ్రంశం ఒక చిత్తడినేలను కోసిన ఆ చోట, 1970ల్లో కెర్రీ సీ అనే యువ శాస్త్రజ్ఞుడు కుళ్ళిన మొక్కలు పేరుకున్న నల్లని పీట్ పొరలనూ వాటి మధ్యనున్న ఇసుకనూ చదివి, గత పదిహేను వందల ఏళ్ళలో వచ్చిన పెద్ద భూకంపాల వరుసను బయటపెట్టాడు. సగటున నూట ముప్ఫై ఏళ్ళకు ఒకటి. అయితే సగటు కంటే విలువైనది ఆ వరుసలోని ఎగుడుదిగుడు: 1812కూ 1857కూ మధ్య నలభై అయిదేళ్ళే, మరికొన్ని చోట్ల రెండు మూడు వందల ఏళ్ళ నిశ్శబ్దం. భూమి గడియారం ప్రకారం నడవదని అక్కడి మట్టి స్పష్టంగా చెప్పింది. 1857 తరువాత అక్కడ అంతటి భూకంపం రాలేదు కనుక, ఆ కందకాలు లేకపోతే ఆ ప్రాంతం కూడా ఒకటి రెండు సంఘటనల జ్ఞాపకంతో మిగిలిపోయేది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. శాన్ ఆండ్రియాస్ ఏడాదికి మూడున్నర సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంది. మన పీఠభూమి లోపలి భ్రంశాల మీద పేరుకునే కదలిక అందులో అతి స్వల్పభాగం. అలాంటి చోట ఒక భ్రంశం రెండుసార్లు కదలడానికి మధ్య వేలు కాదు, పదుల వేల ఏళ్ళు పట్టవచ్చు. ఆస్ట్రేలియాలోని టెన్నెంట్ క్రీక్ దగ్గర 1988 జనవరి 22న ఒకే రోజున మూడు పెద్ద భూకంపాలు వచ్చి, ముప్ఫై కిలోమీటర్లకు పైగా నేల చీలింది. తరువాత కందకాలు తవ్వి చూస్తే, అంతకు ముందు పదుల వేల ఏళ్ళలో అక్కడ నేల చీలిన గుర్తులు దొరకలేదు. అలాగైతే ముందే తవ్వి ఉన్నా ఏం తెలిసేది అని అడగవచ్చు. ఆ ఒక్క భ్రంశం గురించి ఏమీ తెలిసేది కాదు, నిజమే. కానీ ఆస్ట్రేలియావాళ్ళు ఆ పాఠం విని తవ్వకం మానలేదు; ఒక్క భ్రంశాన్నే నమ్ముకోకుండా దేశమంతటా పాత గట్లను వెతికి పట్టికలు కట్టారు, ఎందుకంటే ఒక్కొక్క భ్రంశం అరుదుగా కదిలినా, అన్నిటినీ కలిపితే ఆ భూభాగంలో ఎంతకాలానికి ఒక పెద్ద భూకంపం వస్తుందో అంచనా కట్టవచ్చు. గత పది పన్నెండు వేల ఏళ్ళలో కదిలినదే క్రియాశీల భ్రంశం అనే నిర్వచనం వేగంగా కదిలే దేశాలకు సరిపోతుంది. మనలాంటి నిదానపు నేలకు లక్ష ఏళ్ళ కొలత కావాలి.

గోదావరి లోయకు ఈ విషయంలో ప్రత్యేక స్థానం ఉంది. మన బొగ్గు ఎక్కడిది? ఇల్లెందు నుంచి రామగుండం దాకా, మణుగూరు దాకా సింగరేణి తవ్వుతున్నదంతా, ఇరవై అయిదు ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందట భూమి సాగి, రెండు పక్కల భ్రంశాల మధ్య కుంగిన పొడవాటి పల్లంలో నిండిన ఒండ్రూ అడవులే. ఆ పల్లం అంచుల్లోని పాత భ్రంశాలు ఇప్పటికీ రాతిలో ఉన్నాయి. భారతదేశాన్ని మోస్తున్న భూఫలకం ఏడాదికి అయిదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరిగి హిమాలయాల దగ్గర ఆసియాను నెడుతున్నప్పుడు, ఆ ఒత్తిడి ద్వీపకల్పమంతా వ్యాపించి, ఇలాంటి పాత బలహీనతల దగ్గర బయటపడుతుంది. నర్మదా లోయ అలాంటి పాత చీలికే, 1997 మే 22న జబల్‌పూర్‌లో భూకంపం అక్కడే వచ్చింది. కచ్ కూడా అలాంటిదే. 1819లో అల్లా బంద్ అనే గట్టును లేపి సింద్రీ కోటను ముంచినదీ, 2001 జనవరి 26న భుజ్‌ను కూల్చినదీ ఆ పాత చీలికలోని భ్రంశాలే. కచ్ ఫలకపు అంచుకు దగ్గర, గోదావరి అలా కాదు. భుజ్ అంతటి భూకంపం భద్రాచలంలో వస్తుందని నేను అనడం లేదు. కిల్లారి అంతటిది రాదని చెప్పడానికి మాత్రం ఎవరి దగ్గరా ఆధారం లేదని అంటున్నాను. ఈ లోయలో ఇప్పుడు థర్మల్ విద్యుత్ కేంద్రాలున్నాయి, మణుగూరులో భారజల కర్మాగారం ఉంది, కిన్నెరసాని జలాశయం ఉంది, దిగువన పోలవరం లేస్తోంది.

మన నేలలో కందకం తవ్వి చదవడం సులువు కాదు. నల్లరేగడి ఎండలో పగిలి, వానలో ఉబ్బి, తనను తానే తిరగేసుకుంటుంది. ఆ కదలికలో మట్టి లోపల నున్నటి జారుడు ముఖాలు ఏర్పడతాయి. అనుభవం లేని కన్ను వాటిని భ్రంశపు గుర్తులనుకుంటుంది. గనులున్న చోట నేల కుంగడం వల్ల వచ్చిన పగుళ్ళు వేరే. అసలు భ్రంశం పైకి రాకుండా లోపలే ఆగిపోవచ్చు కూడా. భుజ్‌లో అదే జరిగింది, అంత పెద్ద భూకంపానికీ నేలమీద చెప్పుకోదగ్గ భ్రంశపు గట్టు లేదు.

కానీ భ్రంశం దొరకకపోయినా కుదుపు గుర్తులు దొరుకుతాయి. నీటితో నిండిన ఇసుకపొర బలంగా కుదిపినప్పుడు కొంతసేపు ద్రవంలా మారి, పైనున్న బంకమట్టిని చీల్చుకుని ఊటలా పైకి ఎగజిమ్ముతుంది. ఆ ఇసుక చీలికలు ఒండ్రులో వేల ఏళ్ళు నిలుస్తాయి. అమెరికా మధ్యభాగంలో, ఫలకపు అంచుకు ఎంతో దూరంగా, మిసిసిపీ ఒడ్డున న్యూ మాడ్రిడ్ దగ్గర 1811–12లో వచ్చిన మహా భూకంపాలు మొదటివి కావనీ, క్రీ.శ. 900, 1450 ప్రాంతాల్లో కూడా అలాంటివి వచ్చాయనీ ఈ ఇసుక చీలికలను చదివే తెలుసుకున్నారు. అంత దూరం పోనక్కర లేదు. బి.ఎస్. సుఖీజా నాయకత్వంలో హైదరాబాదు ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులే షిల్లాంగ్ పీఠభూమి పరిసరాల నదీగట్లలో ఇలాంటి ఇసుక చీలికలకు వయసులు కట్టి, 1897 నాటిదానికి ముందు కూడా అక్కడ పెద్ద భూకంపాలు వచ్చాయనీ, వాటి మధ్య వ్యవధి అయిదు వందల ఏళ్ళకు అటూ ఇటూగా ఉంటుందనీ 1999లో ప్రచురించారు. ఆ విద్య మన హైదరాబాదులో ఉంది. అస్సాం, మేఘాలయ సరిహద్దుల ఒండ్రును చదివిన విద్యకు గోదావరి, కిన్నెరసాని, ప్రాణహిత, శబరి గట్ల ఒండ్రు అందనిది కాదు.

ఈ డబ్బుతో గట్టి ఇళ్ళు కట్టించవచ్చు కదా అనే మాటను నేను గౌరవిస్తాను. కిల్లారిలో చంపినది భ్రంశం కాదు, గోడలూ కప్పులూ. అయితే ఇల్లు ఎంత గట్టిగా కట్టాలి అనే ప్రశ్నకు ఇంజనీరు ఒక సంఖ్య అడుగుతాడు, ఆ సంఖ్య గతంలోని భూకంపాల నుంచే వస్తుంది. గతం అంటే నూట పాతికేళ్ళే అనుకుంటే సంఖ్య చిన్నదవుతుంది, చిన్న సంఖ్యకు కట్టిన ఇల్లు చిన్న కుదుపుకే నిలుస్తుంది. మరో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ములుగు తరువాత తేదీలు పెట్టి జోస్యాలు ప్రచారం చేసినవాళ్ళున్నారు. కందకాల శాస్త్రం తేదీ చెప్పదు, చెప్పలేదు. ఈ నేల ఎంతటి కుదుపును ఇవ్వగలదో, ఎంతకాలానికి ఒకసారి ఇచ్చిందో చెబుతుంది. భయపెట్టే జోస్యాన్నీ, గట్టి నేల అన్న భరోసానూ రెండింటినీ పక్కన పెట్టడానికి ఈ జ్ఞానమే పనికొస్తుంది.

తెలిసినంత మాత్రాన సరిపోదనీ చెప్పాలి. జపాన్‌లో క్రీ.శ. 869లో వచ్చిన జోగన్ భూకంపం, సునామీల గురించి పాత గ్రంథాల్లో ఉంది. ఆ సునామీ తెచ్చిన ఇసుకను సెందాయ్ మైదానపు పొలాల అడుగున, తీరం నుంచి కిలోమీటర్ల దూరంలో శాస్త్రజ్ఞులు తవ్వి తీసి ప్రచురించారు. 2009లో, అణువిద్యుత్ కేంద్రాల భూకంప భద్రతను సమీక్షించే సమావేశంలో యుకినోబు ఒకమురా అనే భూశాస్త్రజ్ఞుడు ఆ జోగన్ సంగతిని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదని అడిగాడు. 2011 మార్చి 11న సముద్రం ఫుకుషిమా గోడ దాటింది. ఇసుకను చదివినవారి మాట గోడ ఎత్తు నిర్ణయించేవారి చెవిన పడే మార్గం ముందే ఉండాలి.

ఆ మార్గం మన దగ్గర తెరుచుకోవడానికి నాకు కనిపిస్తున్న అతి చవకైన పద్ధతి ఒకటుంది. గోదావరి లోయలో కందకాలు ఇప్పటికే తవ్వుతున్నారు, భూకంపాల కోసం కాదు. పోలవరం కాలువలు, సీతారామ ఎత్తిపోతల కాలువలు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, రహదారుల కోతలు, వీటన్నిటి గోడల్లో పైభాగాన ఒండ్రు, కింద పాత రాయి తెరుచుకుని ఉంటున్నాయి. రాతిలోని పాత భ్రంశం పైనున్న ఒండ్రును కోసిందా లేదా అన్నదే ప్రశ్న; ఆ జవాబు గోడమీద కొన్ని వారాలు కనిపించి, కాంక్రీటు లైనింగు పడగానే మాయమవుతుంది. కాలువ కోతకు లైనింగు వేసేముందు, గనిలో పైమట్టి తీసే దశలో, ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ గోడను ఫొటో తీసి, పొరలను గీసి, అనుమానం ఉన్న చోట మట్టి నమూనా తీసి ఎన్‌జీఆర్‌ఐకో, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకో, విశ్వవిద్యాలయానికో ఇవ్వాలన్న ఒక్క షరతును టెండరులో చేర్చవచ్చు. భద్రాచలం నుంచి మణుగూరు, ములుగు మీదుగా పైకి, 1969లోనూ 2024లోనూ కదిలిన ప్రాంతమంతా దీనికి మొదటి వరుసలో ఉండాలి. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులు వేసవి సెలవుల్లో నదీగట్ల వెంట నడిచి ఇసుక చీలికలను వెతికే పనికి పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. నీరు తగ్గి గట్లు నిలువుగా బయటపడే ఏప్రిల్, మే నెలలు అందుకు అనువైనవి.